అమలాపురం ఆదివారం కథల బడి: పిల్లల్ని పంపొచ్చా?

అమలాపురంలో ఒక పాత మండువా ఇంట్లో ఆదివారం పొద్దున్న పిల్లలకి కథలు చెప్తున్నారని ఈమధ్య చాలామందికి తెలిసింది, స్కూలు గేటు దగ్గరా కూరగాయల మార్కెట్లో కూడా ఆపి మరీ అడుగుతున్నారు, ఎలా ఉంది, పంపొచ్చా, డబ్బుకి తగ్గట్టు ఉందా అని. విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. మా ఇద్దరు పిల్లలూ వెళ్తున్నారు, పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి ఆరు. నా మట్టుకు ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను, అది కూడా చదివాకే నిర్ణయించుకోండి.

ముందు వివరాలు. నడిపేది రిటైరైన తెలుగు టీచర్ గారు. పేరు రాయొద్దన్నారు, రాయను. పిల్లలు మామ్మగారూ అని పిలుస్తారు, మాకూ అదే అలవాటైంది. తొమ్మిదికి మొదలవుతుంది, పదకొండుకి అయిపోవాలి కానీ చాలా వారాలు పదకొండున్నర అవుతుంది. ఫీజు నెలకి 300, ఒకే ఇంటి నుంచి ఇద్దరొస్తే 500. ఐదేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా తీసుకుంటారు, అందరూ ఒకే బ్యాచ్. బొమ్మల పుస్తకాల్లేవు, ప్రొజెక్టర్ లేదు, వర్క్‌షీట్లు లేవు, చివర్లో సర్టిఫికెట్టూ లేదు. రెండు నెలలు పంపించి "ఏం నేర్పుతున్నారో తెలియట్లేదు" అని మానిపించినవాళ్లు నాకు తెలుసు. వాళ్లని తప్పు పట్టను, కాగితం మీద కనపడే చదువు కావాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు. పిల్లలు నలుగురిలో ఎలా మసలుతారు, ఎదుటివాడి మాట వింటారా, పంచుకుంటారా, తగువొస్తే ఏం చేస్తారు అన్న బెంగ ఉన్నవాళ్లకి మాత్రం ఇది చాలా విలువైన చోటు.

అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది ఊ కొట్టించే పద్ధతి. మన చిన్నప్పుడు అమ్మమ్మ పక్కలో పడుకుని అందరం ఊ కొట్టేవాళ్లం కదా. ఇక్కడ ఒక్కో కథకి ఒక్కరే ఊ కొట్టాలి, ఆ రోజు ఎవరి వంతో ఆవిడే చెప్తారు. వంతు వచ్చిన పిల్లో పిల్లాడో పరధ్యానంలో పడి ఊ అనడం మానేస్తే కథ అక్కడికక్కడ ఆగిపోతుంది, పులి నోరు తెరిచిన చోటైనా సరే. ఆవిడ కోప్పడరు, పేరు పెట్టి పిలవరు, ఊరికే ఆగి చూస్తారు. మిగతా పిల్లలంతా వాడి వైపు తిరుగుతారు, వాడు ఉలిక్కిపడి ఊ అంటాడు, కథ మళ్లీ నడుస్తుంది. తన వల్ల ముప్ఫై మందికి కథ ఆగిందని ఆరేళ్ల పిల్లాడికి తెలియడం మామూలు విషయం కాదండి. మా చిన్నోడు ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో దూరేవాడు, ఫోన్లో ఉన్నా, వాళ్ల నాన్న భోంచేస్తూ ఏదో చెప్తున్నా, దూరడమే. ఇప్పటికీ దూరుతాడు, కాకపోతే చాలాసార్లు ఎదుటివాళ్ల మాట అయ్యేదాకా ఆగుతున్నాడు. అది ఆ ఊ వల్లేనని నా నమ్మకం.

ఇక ఏడు చేపల కథ. తెలియని తెలుగు ఇల్లుండదు కాబట్టి కథ చెప్పను, ఆవిడ దాంతో ఏం చేయిస్తారో చెప్తాను. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అని చీమ అన్నాక మనం నవ్వేసి ఊరుకుంటాం, అసలు పని ఇక్కడ అప్పుడు మొదలవుతుంది. పిల్లలకి తలా ఒక పాత్ర ఇస్తారు. ఎండని చేప, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చిన పిల్లాడు, చీమ. రాజుగారబ్బాయి వచ్చి నా చేప ఎండలేదు, ఎవరిది తప్పు అని తగువు పెడతాడు. ఆ రోజు నేను కూడా వసారాలో కూర్చుని ఉన్నాను. అందరూ మొదట ఆవు మీద పడ్డారు, మేయాల్సింది కదా అని. ఆవు వేషంలో ఉన్న పిల్ల, నన్ను కట్టు విప్పకపోతే ఎలా మేస్తాను అంది. పాలేరు, అన్నం లేకుండా పనికెలా వెళ్తాను అన్నాడు. ఇక అంతా అవ్వ మీదకొచ్చింది. అవ్వగా ఉన్న పిల్లకి ఏడుపు ఒక్కటే తక్కువ, "ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, పిల్లాణ్ణి ఎత్తుకోవాలా, అన్నం వడ్డించాలా" అని గట్టిగా అడిగేసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు గోదారి మధ్య లంక నుంచి వచ్చే కుర్రాడొకడు, పాలేరు తనే వడ్డించుకుని తినొచ్చు కదా అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఓడలరేవు వైపు నుంచి వచ్చే ఒక పిల్లాడున్నాడు, వాళ్లింట్లో చేపల పనే. వాడు లేచి, చేపలు ఆరేసి వదిలేస్తే ఎండవండి, మధ్య మధ్యలో తిరగెయ్యాలి, నీడ పడితే జరపాలి, రాజుగారబ్బాయి ఒక్కసారైనా వచ్చి చూడకుండా గడ్డిమేటుని అడగడమేంటి అన్నాడు. ఇన్నేళ్లుగా ఈ కథ వింటున్నాను, చెప్తున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. మామ్మగారు ఎవరిది తప్పో తేల్చలేదు. సరే, ఇంటికెళ్లి ఆలోచించండి అని చాపలు తీయించారు, అంతే. ఆ పిల్లాడు అంతకుముందు వెనక గోడకి ఆనుకుని కూర్చునేవాడు, ఆ తర్వాత వారం మధ్య వరసలో కూర్చున్నాడు.

ఇంట్లో దీని ప్రభావం చూశాను. ఇద్దరూ కొట్టుకుంటే ఇదివరకు "అమ్మా వీడు కొట్టాడు" అనే ఫిర్యాదు ఒక్కటే వచ్చేది, నేను వెళ్లి ఒకరికి రెండు అంటించేదాన్ని. ఇప్పుడు మా పెద్దది, ప్రతిసారీ అనను, తన కోపం దిగాక అయినా "ఎందుకు కొట్టావురా" అని అడుగుతోంది. వాడేదో చెప్తాడు, దానికి ఇంకో ఎందుకు, ఆ ఎందుకులు పట్టుకుని వెళ్తే చాలాసార్లు స్కూల్లో ఎవడో పెన్సిల్ లాక్కోవడం దగ్గరో, నిద్ర చాలకపోవడం దగ్గరో తేలుతుంది. ఏడు చేపల కథలో ఉన్న పనితనం అదే కదా. ఎవరినీ దుర్మార్గుడిగా చూపించకుండా ప్రతివాడికీ తన కారణం చెప్పుకునే వంతు ఇస్తుంది. చీమకి కూడా.

నీతి విషయం కాస్త పెద్దగానే రాయాలి, ఎందుకంటే తల్లిదండ్రుల మధ్య ఎక్కువ వాదన జరిగేది దీని మీదే. మామ్మగారు కథ చివర నీతి చెప్పరు. అడిగినా చెప్పరు. ఇంతకుముందు మా ఇంట్లో పిల్లల కథల యాప్ ఒకటి ఉండేది, ఏడాది చందా కట్టాం. ప్రతి కథ చివరా ఒక గొంతు వచ్చి "ఈ కథలోని నీతి ఏమిటంటే" అని మొదలుపెట్టేది, ఆ మాట వినపడగానే పిల్లలు తర్వాతి కథకి నొక్కేసేవాళ్లు. పైగా ఆ యాప్‌లో అబద్ధాల మీద కథలన్నీ శిక్షలతోనే ముగిసేవి. అబద్ధమాడాడు, పులి తినేసింది. అబద్ధమాడింది, రాజు వెళ్లగొట్టాడు. పిల్లలకి భయం పట్టుకుంటుంది తప్ప నిజం చెప్పాలన్న కోరిక పుట్టదు.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. 2014లో కెనడాకి చెందిన మానసిక శాస్త్రవేత్తలు మూడు నుంచి ఏడేళ్ల పిల్లల మీద ఒక ప్రయోగం చేసి ప్రచురించారు. వెనకాల ఒక బొమ్మ పెట్టి, శబ్దాన్ని బట్టి అదేంటో చెప్పాలి, తిరిగి చూడొద్దు అని చెప్పి గదిలోంచి వెళ్లిపోతారు. చాలామంది చూసేస్తారు, పిల్లలు కదా. పెద్దవాళ్లు తిరిగొచ్చి ఒక కథ చదివి, అప్పుడు అడుగుతారు, చూశావా అని. మన నాన్నా పులి కథ లాంటిదే వాళ్లకీ ఉంది, తోడేలు వచ్చిందని అబద్ధం చెప్పే గొర్రెల కాపరి కథ. అది విన్న పిల్లలు, అబద్ధాలతో సంబంధం లేని కథ విన్న పిల్లల కంటే ఎక్కువగా నిజం ఏమీ చెప్పలేదు. అబద్ధమాడితే ముక్కు పెరిగే బొమ్మ కథ విన్నవాళ్లూ అంతే. జార్జి వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి, నాన్న అడిగితే నేనే నరికానని ఒప్పుకున్న కథ విన్నవాళ్లు మాత్రం నిజం ఎక్కువగా ఒప్పుకున్నారు. ఆ కథలో నిజం చెప్పినందుకు తండ్రి సంతోషిస్తాడు. అదే కథని చెడుగా ముగిసేటట్టు మార్చి చెప్తే ఆ ఫలితం పోయింది. అంటే పిల్లల్ని కదిలించింది శిక్ష కాదు, నిజం చెప్తే ఎదుటివాళ్ల మనసు కరుగుతుందన్న భరోసా.

ఇప్పుడు మన ఆవు పులి కథ తలుచుకోండి. బిడ్డకి పాలిచ్చి వస్తానని ఆవు మాటిస్తుంది, పులి నమ్మదు, ఆవు బతిమాలుతుంది, వెళ్తుంది, దూడకి పాలిచ్చి, చెప్పాల్సిన మాటలు చెప్పి తిరిగి వస్తుంది. పులి మనసు మారుతుంది. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో పద్యాల్లో పెట్టిన కథ ఇది. మాట నిలబెట్టుకుంటే ఎదుటి పులి కూడా మారుతుందని చెప్పే కథ మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉంటే, మనం పిల్లలకి నాన్నా పులి పదేపదే చెప్పి బెదిరిస్తున్నాం. మామ్మగారు ఆ కథ చెప్పిన రోజు దూడ దగ్గర ఆవు మాట్లాడే చోట చాలాసేపు ఉండిపోయారు, తొందరపడలేదు, పాటలా సాగదీశారు. పెద్ద పిల్లలు కూడా కదల్లేదు. మా అమ్మాయి ఆ వారం సాయంత్రం ఆడుకోడానికి వెళ్తూ "ఆవులాగ ఆరింటికి వచ్చేస్తా" అంది, ఆరు దాటి కాసేపటికి వచ్చింది, రొప్పుకుంటూ. ఇప్పుడు మా ఇంట్లో ఆవు మాట అంటే తప్పకూడని మాట. నేను కూడా దొరికిపోతున్నాను, కొంటానని మాటిచ్చి వాయిదా వేస్తే "అది ఆవు మాటేనా" అని అడుగుతున్నారు. మంచిదే.

ఇక నేను ఒక మార్కు తగ్గించిన సంగతి. కారణాలు రెండు, అందులో మొదటిది చిన్నపిల్లలకి చెప్పే కథల ఎంపిక. ఐదారేళ్ల వాళ్లు ముందు వరసలో ఉంటారని మొదటి గంటంతా జంతువుల కథలే వస్తాయి. కోతి పిల్లులు, నక్క కొంగ, కాకి పిచ్చుక, కోతి మొసలి. పిల్లలకి ఇష్టమే, కాదనను. అయితే 2017లో టొరంటో పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలతో చేసిన పని ఒకటుంది, పంచుకోవడం మీద ఒకే కథని కొందరికి మనుషుల బొమ్మలతో, కొందరికి మనుషుల్లా బట్టలేసుకున్న జంతువుల బొమ్మలతో చదివి వినిపించారు. ఆ తర్వాత తమ స్టిక్కర్లలో కొన్ని వేరే పిల్లలకి ఇవ్వమంటే, మనుషుల కథ విన్నవాళ్లు ఇదివరకటి కంటే ఎక్కువ ఇచ్చారు, జంతువుల కథ విన్నవాళ్లు తగ్గించారు. ఆ వయసులో చాలామంది పిల్లలకి ఎలుగుబంటి చేసిన మంచి పని ఎలుగుబంటిదే, తనది కాదు. బొమ్మల పుస్తకం మీద చేసిన ప్రయోగం కాబట్టి నోటితో చెప్పే కథకి అచ్చంగా అలాగే వర్తిస్తుందని అనను, కానీ ఆలోచించాల్సిన విషయమే.

దీనికి మందు మామ్మగారి దగ్గరే ఉంది, అందుకే నా బాధ. పేదరాశి పెద్దమ్మ కథలు ఆవిడ చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. ఊరు కాని ఊళ్లో చీకటిపడితే దారిన పోయేవాడికి ఒక పూరింటి తలుపు తెరుచుకుంటుంది, పెద్దమ్మ కాళ్లకి నీళ్లిస్తుంది, ఉన్నదాంట్లో అన్నం పెడుతుంది, ఊరి సంగతులు చెప్తుంది, ఆ తర్వాతే కథ. ఎంత రాజకుమారుడైనా ఆ గుడిసెలో చాప మీద పడుకోవాల్సిందే. తెలియనివాళ్లకి అన్నం ఎందుకు పెట్టింది అని ఒక పిల్ల అడిగితే, ఆకలేసింది కదా అన్నారు మామ్మగారు, అంతకు మించి ఒక్క మాట లేదు. మర్యాద రామన్న తీర్పులు చెప్పే రోజు పిల్లలే రెండు పక్షాలుగా విడిపోయి వాదిస్తారు, తీర్పు మధ్యలో ఆపి మీరైతే ఏం చేస్తారు అంటారు. ఇవన్నీ మనుషుల కథలు. కానీ ఇవి రెండో గంటలో వస్తాయి, అప్పటికి మా చిన్నోడి వయసు పిల్లలు సగం మంది మండువాలో పరిగెడుతుంటారు. రెండు గంటల్నీ తిరగేసి చూడండి అని ఆవిడకి చెప్పాను, చూద్దాం అమ్మా అన్నారు, ఇంకా మార్చలేదు.

ఆ జంతువుల కథల్లో కూడా ఆవిడ చేయించే ఒక పని నాకు బాగా నచ్చింది. రొట్టె పంచుకోవడం చేతకాక రెండు పిల్లులు కోతి దగ్గరకెళ్లి మొత్తం పోగొట్టుకున్న కథ అయ్యాక పెద్ద పళ్లెంలో అటుకులు, బెల్లం, కొబ్బరికోరు కలిపి పెడతారు, మన దగ్గర కొబ్బరికేం లోటు. ఐదారుగురికి ఒక పళ్లెం. పంచే పని ఆ పిల్లల్దే, పంచినవాళ్లు అందరికంటే చివర తీసుకోవాలి. ఒక్కసారి ఆ నియమం పెడితే చాలు, ఎంత సమానంగా పంచుతారో చూసి తీరాలి. మొదటి వారాల్లో పెద్ద పిల్లలు ఎక్కువ తీసుకోవడం, చిన్నవాళ్లు ఏడవడం జరిగింది, ఆవిడ కలగజేసుకోలేదు, కోతి వస్తుందర్రోయ్ అని ఎవరో ఒక పిల్లే అనేది, సర్దుకునేవాళ్లు. ఇది నేను ఇంట్లో పండుగ రోజు పూతరేకులతో మొదలుపెట్టాను, గొడవ సగం తగ్గింది.

కాకి పిచ్చుక కథ గురించి కూడా చెప్పాలి. గాలివానకి ఇల్లు కూలిపోయిన కాకి తడుస్తూ పిచ్చుక గుమ్మంలో నిలబడుతుంది, తలుపు తియ్యమంటుంది. ఆవిడ అక్కడ కథ ఆపేసి 1996 నవంబరు తుపాను గురించి చెప్పారు. కోనసీమలో పుట్టి పెరిగిన మా వయసు వాళ్లకి ఆ రాత్రి గుర్తే, కొబ్బరి చెట్లు పడిపోయి తోటలకి తోటలు నేలమట్టం అయిపోయాయి, ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి డాబా ఉన్నవాళ్లు తలుపులు తీశారు, ఎవరు ఏమిటి అని అడగకుండా ఒకే గదిలో అందరూ నిలబడ్డారు, పొద్దున్నకి ఉన్న బియ్యం వండి అందరికీ పెట్టారు అని తాను చూసింది చెప్పారు. పిల్లలు ఇంటికొచ్చి వాళ్ల వాళ్ల తాతల్ని, మామ్మల్ని అడిగారు. మా అత్తగారు ఆ రాత్రి సంగతి అంత వివరంగా చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. కథ చెప్పి ఊరుకోకుండా ఇంటి పెద్దవాళ్ల నోరు తెరిపించింది చూడండి, దానికే ఆ 300 ఇచ్చేయొచ్చు.

రెండో ఫిర్యాదు పాత కథల్లో ఉన్న కొన్ని పాడు మాటల గురించి. సవతి తల్లి అంటే రాక్షసి, చెవిటివాడంటే నవ్వులాట, నల్లగా ఉన్న కోడలంటే వెటకారం, ఫలానా కులం వాడు పిసినారి, ఫలానావాడు తెలివితక్కువ. జానపద కథ అనగానే అన్నీ పవిత్రం అనుకోనక్కర్లేదు. పిల్లలు కథలోంచి దయ ఎంత నేర్చుకుంటారో వెక్కిరించడమూ అంతే నేర్చుకుంటారు, అది ఇంకా త్వరగా పట్టుబడుతుంది. ఒక వారం సవతి తల్లి కథ నడిచింది. తల్లి పోయి, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్న పాప ఒకతి ఆ గుంపులో ఉంది, కొత్తమ్మ ఆ పాపని ఎంత బాగా చూసుకుంటుందో మా అందరికీ తెలుసు. కథ అయ్యాక ఇద్దరు పిల్లలు ఆ పాపని "నీకూ అన్నం పెట్టదా" అని అడిగారు. ఆ పాప ముఖం చూసి నాకు కడుపులో దేవినట్టయింది. నేనూ ఇంకో అమ్మా కలిసి మామ్మగారితో మాట్లాడాం. ఆవిడ చాలా బాధపడ్డారు, ఆ తర్వాత వారం పెంచిన తల్లి దేవకి కాదు, యశోద అని కృష్ణుడి చిన్ననాటి ముచ్చట్లు చెప్పారు, ఆ పాపనే ఊ కొట్టమన్నారు. కుల ప్రస్తావనలు కూడా తీసేస్తున్నారు. చెవిటివాళ్ల మీద హాస్యం మాత్రం ఇంకా అప్పుడప్పుడు దొర్లుతోంది, మళ్లీ చెప్తాను. మార్పు చెప్తే వింటారు అన్నది ఆవిడ గొప్పతనం, కానీ మనం చెప్పాలి.

పిల్లల నడవడి మీద అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తున్నది కథ ఒక్కటే కాదేమో, ఎవరి పక్కన కూర్చుని వింటున్నారన్నది కూడా అని నాకు అనిపిస్తోంది. మా పిల్లల ఇంగ్లీషు మీడియం బడిలో అందరూ మా లాంటి ఇళ్ల వాళ్లే. ఇక్కడ మున్సిపల్ బడి పిల్లలున్నారు, లంకల నుంచి పంటు మీద గోదారి దాటి వచ్చేవాళ్లున్నారు, ఆక్వా చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాల పిల్లలున్నారు. ఫీజు కట్టలేనివాళ్ల దగ్గర ఆవిడ తీసుకోరు, ఎవరు కడుతున్నారో ఎవరు కట్టట్లేదో పిల్లలకి తెలియదు. ఫిలిప్పీన్స్‌లో అడవుల్లో వేటాడుతూ, తీరంలో చేపలు పడుతూ బతికే అగ్తా అనే జనం గురించి 2017లో ఒక పరిశోధన వచ్చింది. మంచి కథకులు ఎక్కువగా ఉన్న మకాముల్లో జనం ఒకరికొకరు ఎక్కువ సాయం చేసుకుంటున్నారని, కలిసి బతకడానికి ఎవరు కావాలి అంటే బాగా వేటాడేవాడి కంటే బాగా కథ చెప్పేవాణ్ణే ఎక్కువగా కోరుకుంటున్నారని అందులో తేలింది. వాళ్ల కథల్లో ఒకటి సూర్యుడు, చంద్రుడు ఆకాశం ఎవరిదని కొట్లాడుకుని, చివరికి ఒకరు పగలు, ఒకరు రాత్రి అని పంచుకునే కథ. మా చిన్నోడికి చెప్తే, మరి అమావాస్య రోజు చంద్రుడు సెలవా అన్నాడు.

ఇక వసతులు. ఇల్లు పాతది, పెంకుటిల్లు, గాలి బాగా ఆడుతుంది, వేసవిలో కూడా పదింటి దాకా ఇబ్బంది లేదు. వర్షాకాలంలో మండువాలో వాన పడే చప్పుడుకి వెనక కూర్చున్నవాళ్లకి మాట వినపడదు, మైకు పెట్టమంటే ఆవిడ ఒప్పుకోలేదు, గొంతు మైకులోంచి వస్తే పిల్లలు నా ముఖం చూడరు అంటారు. సరే, దానికేదో అర్థముంది, కానీ వెనక వరస పిల్లలకి అన్యాయమే. దోమలు ఉన్నాయి, నిండు చేతుల చొక్కా వేసి పంపండి. బాత్రూమ్ ఒక్కటే, పెరట్లో ఉంది, శుభ్రంగా ఉంటుంది కానీ చిన్నపిల్లలు ఒంటరిగా వెళ్లడానికి జంకుతారు, తోడు ఒక పెద్ద పిల్లని పంపిస్తున్నారు. వీధి ఇరుకు, కారు తీసుకెళ్లొద్దు, కాలవ గట్టు దగ్గర ఆపి నడిచి వెళ్లాలి. గట్టుకి రెయిలింగు లేదు కాబట్టి పిల్లల చేయి పట్టుకునే నడవండి, ఇది మాత్రం తప్పకుండా.

తల్లిదండ్రులు కూర్చోవచ్చు కానీ వసారా చివర, ఫోన్ బయటకి తీయకూడదు, వీడియోలు అసలు కుదరదు. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు ఆ రెండు గంటలు నాకే బాగుంటున్నాయి.

ఎవరికి సరిపడదో కూడా చెప్పేస్తాను. తెలుగు అర్థం కాని పిల్లలకి కష్టం. హైదరాబాదు నుంచి సెలవులకొచ్చిన మా అక్క కూతురు మొదటి రోజు బిక్కమొహం వేసుకుని కూర్చుంది, పేడ, పాలేరు, గాదె, ఇవేవీ దానికి తెలియవు. ఆవిడ ఆగి వివరించరు, మధ్యలో ఆపి అర్థాలు చెప్తే కథ చచ్చిపోతుందంటారు. పక్క పిల్లలే చెప్పారు, రెండో వారానికి తేరుకుంది. బాగా సిగ్గుపడే పిల్లలకి ఇది మంచి చోటు, ఎందుకంటే బలవంతంగా మాట్లాడించరు, ఊ కొట్టే వంతు కూడా పిల్ల సిద్ధంగా ఉంటేనే ఇస్తారు. కదలకుండా కూర్చోలేని పిల్లలు ఉంటే ముందే ఆవిడకి చెప్పండి, వాళ్లకి పళ్లేలు సర్దే పనీ చాపలు వేసే పనీ ఇస్తారు, వాళ్లు ఆ పని చేసుకుంటూనే వింటారు.

కొత్తగా పంపేవాళ్లకి నాదో మనవి. గేటు దగ్గరే పట్టుకుని "ఏం నేర్చుకున్నావు, నీతి ఏంటి" అని అడగొద్దు, నేను చూస్తుండగానే ఒక బాబు ముఖం వాడిపోయింది. కథ చెప్పమని కూడా వెంటనే అడగొద్దు. వాళ్లే చెప్తారు, చెప్తున్నప్పుడు మీరు ఊ కొట్టండి.

దసరాకీ సంక్రాంతికీ రెండేసి వారాలు సెలవు. వేసవి సెలవుల్లో మాత్రం రోజూ సాయంత్రం ఐదింటికి గంటసేపు ఉంటుంది, దానికి వేరే ఫీజు లేదు. ముప్ఫై మంది దాటితే తీసుకోవట్లేదు, ఇప్పుడు నిండిపోయింది, జూన్‌లో బడులు తెరిచాక పెద్ద పిల్లలు కొందరు మానేస్తారు, అప్పుడు ఖాళీలొస్తాయి. మే చివరి వారంలో ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఒక పూట కూర్చోబెట్టండి, నచ్చితే పేరు రాయించుకోండి. ఫోన్లో అడిగితే చెప్పరు.